అత్త తగిలించిన ఎర్రబిళ్ళ

మా అత్త పోయింది. ఆ కబురు నాకు హిందీలో వచ్చింది.

పొద్దున్నే నేను పాఠాలు చెప్పే బడికి వెళ్ళడానికి తయారవుతుంటే ఫోన్ మోగింది. అత్త కొడుకు, నాకంటే చిన్నవాడు. "దీదీ, మమ్మీ నహీ రహీ" అన్నాడు, అమ్మ ఇక లేదని. ఏడవాల్సిన చోట నాకు ముందు కోపం వచ్చింది. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళ చావు కబుర్లన్నీ తెలుగులో అచ్చువేసి పంపిన మనిషి పోతే, ఆ మాట చెప్పడానికి కన్నకొడుకు నోట ఒక్క తెలుగు ముక్క రాలేదు. దుఃఖంలో ఉన్నవాడికి ఏ భాష వస్తే అదే వస్తుంది, నిజమే. అయినా మండింది. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడూ ఆ మంట చల్లారలేదు. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

ఆమె మా నాన్నకి చెల్లెలు. నాకు మేనత్త. జంషెడ్‌పూర్‌లో ఉన్న శ్రీకాకుళం వైపు కుటుంబాలన్నిటికీ మాత్రం కార్డులత్త. సాక్చి బజారులో అచ్చాఫీసులకు కొదవలేదు. హిందీ వేస్తారు, ఇంగ్లీషు వేస్తారు, బెంగాలీ వేస్తారు, ఒడియా కూడా వేస్తారు. తెలుగు అంటే మాత్రం "వో కహా మిలేగా మేడమ్" అంటారు, అదెక్కడ దొరుకుతుందని. పెళ్ళి కార్డులకైతే వ్యవధి ఉంటుంది. శ్రీకాకుళంలో వేయించి, రైల్లో వచ్చేవాళ్ళ చేత తెప్పించుకోవచ్చు. చావు అంత వ్యవధి ఇవ్వదు. పెద్దకర్మ లోపల కార్డు అచ్చయి, పోస్టులో పడి, ఊళ్ళో తెలుగు తప్ప మరో అక్షరం తెలియని ముసలివాళ్ళ చేతికి చేరాలి. ఆ పని మా అత్త ఇంట్లో జరిగేది. ఎందుకు జరిగేదో చెప్పాలంటే మావయ్య సంగతి చెప్పాలి.

మావయ్య ఆదిత్యపూర్ వైపు ఒక చిన్న రోలింగు మిల్లులో ఎలక్ట్రీషియన్. ఆ మిల్లు ఇప్పుడు లేదు. మోటారు మీద పనిచేసేవాడు ముందు దాని స్విచ్చికి ఎర్ర రంగు వేసిన రేకుబిళ్ళ తగిలించాలి. దాని మీద "కామ్ చాలూ హై" అని ఉంటుంది, అంటే పని నడుస్తోంది, ముట్టుకోవద్దని. తగిలించినవాడే వచ్చి దాన్ని తియ్యాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే చెయ్యి పెట్టకూడదు. మావయ్య బిళ్ళ తగిలించాడు. ఎవరో తీసి స్విచ్చి వేశారు. ఎవరు తీశారో ఎవరూ చూడలేదట. చివరికి బిళ్ళ తగిలించడం ఆయనే మర్చిపోయాడని తేల్చారు. పోయినవాడు తిరిగొచ్చి కాదనడు కదా. తర్వాత ఆయన చెప్పులు, టిఫిన్ డబ్బా ఇంటికి పంపినప్పుడు వాటితోపాటు ఆ ఎర్రబిళ్ళ కూడా వచ్చింది. దాని తాడు తెగి ఉంది. ఆ తెగిన తాడు ఎవరికైనా చూపించమని నాన్న అంటే అత్త, "సూసీవోడుంటే గదా సూపీది" అంది.

మావయ్య పెద్దకర్మ కార్డులు సాక్చిలో హిందీలోనే అచ్చయ్యాయి. దగ్గరవాళ్ళకి టెలిగ్రాంలు అందాయి కాబట్టి కార్డు ఒట్టి లాంఛనమే అనుకున్నారు. కానీ మావయ్యని చిన్నప్పుడు పెంచి పెద్దచేసిన పెద్దమ్మ ఒకావిడ వేరే ఊళ్ళో ఉండేది. ముసలిప్రాణం తట్టుకోలేదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అని ఒకరి మీద ఒకరు పెట్టుకుని ఊరుకున్నారు. కార్డు మాత్రం పోస్టులో వెళ్ళిపోయింది.

ఆవిడకి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. హిందీ అక్షరం తెలియదు. కార్డు మీద దీపం బొమ్మ ఉంది. వచ్చింది జంషెడ్‌పూర్ నుంచి. అబ్బాయి ఇంట్లో శుభకార్యం అనుకుంది. కార్డుకి పసుపు లేకపోవడం చూసి, దూరదేశంలో ఉన్నవాళ్ళకి పద్ధతులేం తెలుస్తాయని, తనే నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టింది. అశుభం కార్డుని మా వైపు గుమ్మం దాటనివ్వరు. బయటే నిలబడి చదివి, చదవగానే చించేస్తారు. ఆవిడ దాని ముందు రోజూ దీపం పెట్టింది.

కొన్నాళ్ళకి అత్తని తీసుకుని మేం ఆ ఊరు వెళ్ళాం. ఆవిడ ఎదురొచ్చి అత్త ముఖం చూసింది. నుదురు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి గూటి వైపు చూసింది. ఆ తర్వాత తిట్టిన తిట్లు నేను మర్చిపోలేదు. "నాకొచ్చిన అచ్చరాల్లో నా బిడ్డ సావు రాయడానికి నీకు సేతులు రానేదేటే? నా సేత పసుపు రాయించినావు కదే" అని నేల మీద కూలబడింది.  తిరుగు రైల్లో అత్త కిటికీ పక్కన కూర్చుని నాతో ఒక్క మాటంది. "ఇంకెవుల సావూ ఆ అచ్చరాల్లో పోకూడదే అమ్మీ."

మాట అన్నవాళ్ళు చాలామంది ఉంటారు. మా అత్త నేర్చుకుంది. బిష్టుపూర్‌లో ఒక టైపింగు షాపులో చేరింది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు మిగతావాళ్ళు భయపడి మానేస్తే ఆమె మానలేదు. నాన్న విశాఖపట్నం నుంచి తెలుగు అక్షరాలున్న ఫ్లాపీ తెచ్చిపెట్టాడు. షాపువాళ్ళు వదిలించుకున్న పాత కంప్యూటరు, పాత ప్రింటరు రిక్షాలో వేసుకుని సాక్చిలో తన అద్దె ఇంటికి తెచ్చుకుంది. ఆ ప్రింటరు ఒక్కొక్క వరసా గీరుకుంటూ కీచుమనేది. చచ్చినవాళ్ళ ఇంట్లో ఏడుపు ఆగినా దీని ఏడుపు ఆగదని మేం వేళాకోళం చేసేవాళ్ళం.

కార్డు ఎలా ఉండాలో ఆమెకి కచ్చితంగా తెలుసు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, ముసలి కళ్ళకి ఆనాలి. కొందరు శివసాయుజ్యం అనీ వైకుంఠప్రాప్తి అనీ వేయమనేవాళ్ళు. వేసేది. కానీ అన్నిటికంటే పైన, మొదటి వరసలో 'పోయారు' అని ఉండి తీరాలి. "పోయినోలు పోయినారని రాయాల. సదివినోలకి తెలవాల. ఆ తరవాత మీ ఇట్టం, కైలాసానికి పంపండి, ఏడకైనా పంపండి" అనేది.

మిషను మొండికేస్తే మనలా దాని నెత్తిన గుద్దేది కాదు. ముందు కరెంటు వైరు ఊడదీసి తన తలగడ కింద పెట్టేది. మావయ్య ఎర్రబిళ్ళకి కొత్త తాడు కట్టి దాచుకుంది, దాన్ని మిషనుకి తగిలించేది. చేతి గాజు తీసి గిన్నెలో వేసి, అప్పుడు మూత తెరిచేది. పనయ్యాక ఇంట్లో ఉన్నవాళ్ళందర్నీ పిలిచి "సేతులు సూపండి" అనేది. పిండి కలుపుతున్న చేతులైనా సరే, వచ్చి చూపించాలి. ఎవరి చెయ్యీ మిషనులో లేదని అన్ని చేతులూ కళ్ళారా చూసుకున్నాక బిళ్ళ తనే తీసేది. కొడుకు చిన్నప్పుడు ఒకసారి దాన్ని పట్టుకు లాగబోతే చెంప మీద ఒకటిచ్చి, "ఎవులు తగిలిత్తే ఆలే తియ్యాల" అంది. వాణ్ణి కొట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ బిళ్ళతో తమాషాలూ చేసేది. ఒకరోజు అన్నదమ్ములిద్దరు తండ్రి కార్డు కోసం వచ్చి, కింద ఎవరి పేరు ముందుండాలని మా అత్త ఎదుటే కలబడ్డారు. పెద్దవాడు పెద్దరికం అంటాడు, చిన్నవాడు చివరిదాకా చూసుకున్నది నేను అంటాడు. అత్త లేచి వెళ్ళి నింపాదిగా ప్రింటరుకి ఎర్రబిళ్ళ తగిలించింది. "మిసను సెడిపోనాది. బాగయ్యేదాకా కూకోండి" అని ఇద్దరికీ చెరో గ్లాసు టీ ఇచ్చి వంటింట్లోకి వచ్చేసింది. ఏం పాడైందత్తా అని నేనడిగితే, "మిసనుకేటయింది, బాగానే ఉంది. బాగుసెయ్యాల్సింది ఆలిద్దర్నీ" అంది. చాలాసేపటికి ముందుగదిలోంచి చిన్నవాడు ఏడవడం, పెద్దవాడు ఊరుకోబెట్టడం వినిపించాయి. అప్పుడు వెళ్ళి బిళ్ళ తీసింది.

కొడుక్కి ఉద్యోగం వచ్చాక ఇల్లు మారారు. వాడు పాత ప్రింటరు తీసేసి వైర్‌లెస్‌ది కొన్నాడు. ముందుగదిలో తీగలు వేలాడుతుంటే వచ్చినవాళ్ళ ముందు బాగుండదట. కంప్యూటరు వెనకగదిలో అత్త మంచం పక్కన, ప్రింటరు ముందుగదిలో షోకేసు మీద, మధ్యలో గాలి. అత్తకి అది మొదట్నుంచీ నచ్చలేదు. "తీగుంటే ఎక్కడ తెగిందో సేత్తో తడుముకోవచ్చు. గాల్లో తెగితే ఎక్కడని ఎతకనే?" అనేది. అయినా వెతికేది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది ఇంటర్నెట్ డబ్బాని మర్చిపోయేది. ముందు డబ్బా ఆపి వేసి, అది కుదురుకున్నాక ప్రింటరు వేసి, ఆ తర్వాతే కంప్యూటరు ముట్టుకోవాలని తనకు తనే కనిపెట్టింది. ప్రింటు రాలేదని మళ్ళీ మళ్ళీ నొక్కేవాళ్ళని చూస్తే ఆమెకి ఒళ్ళుమంట. "నువ్వు నొక్కినన్నిసార్లూ అది గురుతెట్టుకుంటాది. మరిసిపోయేది మనుసులే" అనేది.

పోయే ముందు నెలలో ప్రింటరు బొత్తిగా మూగబోయింది. తను కనిపెట్టిన పద్ధతులన్నీ అయ్యాయి, పలకలేదు. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. కొడుకు ఆఫీసు నుంచి రాగానే అడిగింది.

"డబ్బా మార్చినావేటిరా?"

"హా, నయా లగాయా. క్యూ?"

"పేరు కూడా మార్చినావా?"

"నామ్ భీ, పాస్‌వర్డ్ భీ."

"మరి దానికి సెప్పినావా?"

"కిస్‌కో?"

అత్త ప్రింటరు వైపు వేలు చూపించింది. వాడు నవ్వి లోపలికి వెళ్ళిపోయాడు. "పాత పేరెట్టి పిలుత్తంది పాపం. పలికీవోడు నేడు" అని నాతో అంది. కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని, ప్రింటరు మీదున్న చిన్న తెరలో బాణం గుర్తు నొక్కుతూ కొత్త పేరూ, పాస్‌వర్డూ ఒక్కొక్క అక్షరం పేర్చింది. ఒకసారి తప్పు పడితే మొదటికొచ్చింది. విసుక్కోలేదు. చివరికి నీలం దీపం కొట్టుకోవడం మానేసి నిలిచి వెలిగింది. కాగితం కదిలింది.

కానీ అన్నాళ్ళు వాడక సిరా గడ్డకట్టింది. కాగితం మీద తెల్లటి చారలు పడి, అక్షరాలు తలకట్లు లేకుండా వచ్చాయి. అత్త మూత ఎత్తి, సిరా చిమ్మే భాగాన్ని పక్కకి జరిపి, దాని కింద తడి గుడ్డ మడతపెట్టి దూర్చింది. "తెల్లారేతలికి నాని వదులుతాది" అంది. కరెంటు వైరు తలగడ కిందకి పోయింది. ఎర్రబిళ్ళ ప్రింటరుకి ఎక్కింది. తెల్లవారి మంచం దిగుతూ ఆమె పడిపోయింది.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మాట సగం సగమే వచ్చేది. నేను వెళ్ళిన రోజు కళ్ళు తెరిచి, "బిళ్ళుందేటి?" అని అడిగింది. ఉందత్తా అన్నాను. "నానొచ్చి తీత్తాను. ఎవులూ ముట్టకండి" అంది. మంచానికి అవతలి పక్క కొడుకు ఉన్నాడు. "హా మమ్మీ" అన్నాడు. అది నేను నా చెవులారా విన్నాను.

దహనం అయిన రెండు రోజులకి వాడు నాకు ఫోన్ చేశాడు. అమ్మ కంప్యూటరులో పాత కార్డు తెరిచి అమ్మ పేరు వేశానని, ప్రింటు మాత్రం రావడం లేదని. "దాన్ని ముట్టుకోకు. రేపు బడి అవగానే వస్తాను. కంప్యూటరు పట్టుకెళ్ళి మా బడి ప్రింటరు మీద వేద్దాం" అని చెప్పాను. ఠీక్ హై దీదీ అన్నాడు.

మర్నాడు బడి అవగానే అగ్రికో నుంచి ఆటోలో వాళ్ళింటికి వెళ్ళాను. ఎర్రబిళ్ళ షోకేసు కింద నేల మీద పడి ఉంది. బిళ్ళ తాడు వాడే కత్తెరతో కత్తిరించాడు. తలగడ కింద దాచిన కరెంటు వైరు సంగతి వాడికి తట్టలేదు. ఇంట్లో ఉన్న పాత టేప్ రికార్డరు వైరు తెచ్చి ప్రింటరుకి పెడితే సరిపోయింది. స్విచ్చి వేయగానే లోపలి భాగం కదిలి, తడి గుడ్డని చుట్టుకుని, పళ్ళచక్రం విరిగి ఆగిపోయింది. ఇక అది లేవదు.

"కార్డ్ హో గయా దీదీ" అన్నాడు వాడు. రాత్రికి రాత్రే సాక్చిలో హిందీలో వేయించాడట. పొద్దున్నే పోస్టు చేసేశాడట. ఒకటి నా చేతిలో పెట్టి, "దేఖో, అచ్ఛా మోటా పేపర్ హై" అన్నాడు. నున్నటి మందపాటి కాగితం. పైన దీపం బొమ్మ.

"అమ్మ ఏం చెప్పిందిరా నీకు?" అని అడిగాను.  వాడు తల దించుకుని, "అబ్ కౌన్ ఉతార్తా, దీదీ?" అన్నాడు. తగిలించిన మనిషి పోయాక ఇంకెవరు తియ్యాలి అని. నేను వంగి బిళ్ళ తీసి షోకేసు మీద పెట్టాను. 

వాడు చెడ్డవాడు కాదు. నా ఏడుపల్లా అదే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి తలుపేసుకుందును. తల్లి కార్డు తెలుగులోనే వెయ్యాలని కూర్చున్నాడు. తనకి సరిగా రాని భాషలో ఆమె పేరు అక్షరం అక్షరం వెతుక్కుని నొక్కాడు. ఒక్క రోజు ఆగలేకపోయాడు, అంతే. ఆనాడు మిల్లులో మావయ్య బిళ్ళ తీసినవాడు కూడా ఇలాంటివాడే అయ్యుంటాడని ఇప్పుడు అనిపిస్తోంది. పగ ఉన్నవాడు కాదు, తొందర ఉన్నవాడు.

పెద్దకర్మ నాడు తెలుగు సంఘం పెద్దాయన లేచి, మన భాషకి సేవ చేసిన మహాతల్లి అని మాట్లాడాడు. ఇంగ్లీషులో. ఆయన తండ్రి కార్డు అచ్చయింది మా అత్త ఇంట్లోనే, ఆయనకి గుర్తుందో లేదో. భోజనాల దగ్గర ఒకావిడ మాత్రం నన్ను పక్కకి పిలిచి, "మరింక మనోలకి కార్డులెవులేత్తారే?" అని అడిగింది. ఆ రోజు నేను విన్నవాటిలో నిజమైన ఏడుపు అదొక్కటే. వచ్చేటప్పుడు ఎర్రబిళ్ళ నా సంచిలో వేసుకున్నాను. వద్దన్నవాళ్ళు లేరు.

తర్వాత ఒకరోజు బడిలో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మావయ్యని పెంచిన ఆ పెద్దమ్మ. ఇంకా ఉంది, బాగా వంగిపోయింది. అత్త తన నంబరూ నా నంబరూ వాళ్ళ గోడ మీద రాయించింది. ఎదురింటివాళ్ళ ఫోన్ నుంచి చేసింది.

"ఓలమ్మీ, నానే. మీ అత్త ఫోను ఎవులూ ఎత్తనేదు."

ఆవిడకి ఈసారి కూడా ఎవరూ చెప్పలేదని నాకు అప్పుడు అర్థమైంది. కొడుకు ఊళ్ళోవాళ్ళు చెప్తారనుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు ఏమనుకున్నారో అడగనక్కర్లేదు. నేను మామ్మా అని మాత్రం అన్నాను.

"కార్డొచ్చిందే."

"చదివావా మామ్మా?"

"అది తెలుగేటి, సదవడానికి? మల్లీ ఆ గీతలే. తాడు మీద గుడ్డలారేసినట్టుంటాయి, అయే. అది బతికుండగా ఆ గీతలు నా ఇంటికి రావు. అది పోయింది కదే."

అది అడగడం కాదు. నాకు చెప్పడం.

"అవును మామ్మా" అన్నాను.

ఏడవలేదు. "ఈపాలి నాను పసుపు రాయనేదు. లోపలికీ తేనేదు. అరుగు మీద రాయెట్టి ఉంచినాను. సదవకుండా సింపకూడదు కదేటి" అంది. తర్వాత, "నీకాడ ఉందా ఆ కార్డు? తెలుగులో సదువు. ఇని సింపుతాను" అంది.

సంచిలోంచి కార్డు తీశాను. స్వర్గవాస్ అని ఉన్నచోట 'పోయింది' అని చదివాను, అదీ అన్నిటికంటే ముందు. తర్వాత పేరు చదివాను, ఊరు చదివాను, కింద కొడుకు పేరు చదివాను. పెద్దకర్మ ఎప్పుడో కూడా చదివాను, అది అప్పటికే అయిపోయినా సరే. ఇక చదవడానికేం లేదు మామ్మా అన్నాను.

అవతల కాగితం చప్పుడు వినిపించింది. వాడు చెప్పింది నిజమే, మంచి మందమైన కాగితం. చిరగడానికి చాలాసేపు పట్టింది.